మచ్చిక

నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ మండలం మెట్టప్రాంతం. రాళ్లగుట్టలు, ఎర్రచల్కలు, వానకై ఎదురుచూసే జొన్న, కంది చేలు, బోరునీటిపై ఆధారపడిన బత్తాయితోటలు అక్కడి నేల స్వభావాన్ని తెలుపుతాయి. భూగర్భజలంలో ఫ్లోరైడు అధికమై తరతరాల ప్రజలను బాధించిన ప్రాంతంగా ఈ పేరు లోకానికి తెలిసింది. సేద్యం ఏటా చేతికందని ఇటువంటి సీమలో గొర్రెల పెంపకం గొల్లకురుమల జీవనాధారమైంది. మంద ఉన్నచోట కుక్క ఉంటుంది. పంట కోసుకొన్న రైతులు ఎరువుకోసం తమ చేలలో మందను పెట్టించుకొన్నప్పుడు, కాపరి గొంగడి కప్పుకొని ఒక గట్టున నడుము వాలుస్తాడు. కుక్క ఆ చివర పడుకొంటుంది. గుంటనక్క అడుగుల చప్పుడైతే మొదట లేచేది అదే.

ఆ కుక్కకు ఎవరూ బడిపెట్టి నేర్పలేదు. దాని యజమానికి శిక్షణశాస్త్రం పేరు కూడ తెలిసి ఉండకపోవచ్చు. తోడేలు వంశంలో పుట్టిన ఆ జంతువు గొర్రెపిల్లను నోట కరవక, దానికి కావలి ఉండటం ఎట్లా సాధ్యమైంది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకినవారు కుక్కనుగురించే కాక, నేర్పడమంటే ఏమిటో కూడ ఎంతో తెలుసుకొన్నారు.

మానవుడు మచ్చిక చేసుకొన్న మొట్టమొదటి జంతువు శునకం. ఆవు, మేక, గొర్రె అతని చెంతకు రాకముందే, వ్యవసాయం పుట్టకముందే అది అతని వెంట ఉన్నది. జర్మనీలోని బాన్ నగరం సమీపాన 1914లో బయల్పడిన సుమారు 14,000 సంవత్సరాలనాటి సమాధిలో ఇద్దరు మనుషులతోపాటు కుక్క ఎముకలు కూడ లభించాయి. కాశ్మీరంలోని బూర్జహోం నవీన శిలాయుగపు సమాధులలోనూ మనిషి ప్రక్కన శునకాన్ని పూడ్చిన జాడలున్నాయి. దక్కను విషయానికి వస్తే, క్రీ.శ. 949-50 నాటి ఆతకూరు శాసనం మరింత విశిష్టమైనది. రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణుని కాలంలో మణలేరుడనే వీరుడు తన పరాక్రమానికి బహుమానంగా ‘కాళి’ అనే వేటకుక్కను కోరుకొన్నాడు. అది ఒక అడవిపందితో పోరాడగా రెండూ మరణించాయి. మణలేరుడు దాని స్మృతికై వీరగల్లు నిలిపి, భూమిని దానమిచ్చాడు. వీరులకు నిలిపే శిల ఒక కుక్కకు నిలపడం సామాన్యమైన విషయం కాదు. నేడు ఆ శిల బెంగుళూరు మ్యూజియంలో ఉన్నది.

శునకం మనిషితో మెలగడం నేర్చుకొనే వయస్సు చాల చిన్నది. జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు అమెరికాలోని బార్ హార్బర్‌లో ఏళ్లతరబడి కుక్కపిల్లలను పరిశీలించి 1965లో తమ ఫలితాలను గ్రంథరూపంలో ప్రకటించారు. పుట్టిన మూడవ వారంనుండి పన్నెండవ వారందాకా కుక్కపిల్ల ఎవరిని చూస్తుందో, ఎవరి వాసన పీలుస్తుందో, వారిని తనవారిగా భావిస్తుందని వారు నిరూపించారు. పధ్నాలుగు వారాలదాకా మనిషి స్పర్శ ఎరుగని పిల్లలు ఆ తరువాత ఎంత బుజ్జగించినా దగ్గరకు రాలేదు. మందల నడుమ పెరిగే కుక్క రహస్యం ఇదే. కళ్లు తెరిచిన నాటినుండి గొర్రెల వాసన మధ్య, కాపరి పెట్టే గటక ముద్దతో పెరిగిన పిల్లకు గొర్రె ఆహారంగా కనబడదు, తోడుగా కనబడుతుంది. ఇక ఆరునెలలు నిండిన కుక్కను తెచ్చి గుంజకు కట్టి, ‘మనుషులను చూస్తే మీదపడుతున్నది’ అని వాపోయే గృహస్థు కోల్పోయినది ఆ తొలి వారాలనే. అయితే వయసు దాటినంత మాత్రాన నేర్చుకొనే శక్తి పోదు. అది ఆలస్యమవుతుంది, ఓర్పు ఎక్కువ కావలసివస్తుంది.

నేర్పే విధానంలో రెండు ఆవిష్కరణలు ముఖ్యమైనవి. జీర్ణక్రియపై పరిశోధనకు 1904లో నోబెల్ బహుమతి పొందిన రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్లోవ్, ఆహారానికి ముందుగా ఒక సంకేతాన్ని పదేపదే వినిపిస్తే, తరువాత ఆ సంకేతం వినగానే కుక్కకు లాలాజలం ఊరుతుందని గమనించాడు. సంచిలో రొట్టె చప్పుడైతే తోకాడించే కుక్క ప్రతి ఇంటా కనిపిస్తుంది. పావ్లోవ్ దానిని కొలిచి చూపాడు. రెండవది ఎడ్వర్డ్ థార్న్‌డైక్, ఆ తరువాత బి.ఎఫ్. స్కిన్నర్ వివరించిన సూత్రం. ఏ పని వెంట మేలు కలుగుతుందో జంతువు ఆ పనిని మళ్లీ చేస్తుంది. ఏ పని వెంట మేలు కలగదో దానిని క్రమంగా మానుకొంటుంది.

‘కూర్చో’ అనే ఆజ్ఞను నేర్పే తీరు చూస్తే ఈ సూత్రం ఆచరణలో ఎట్లా పనిచేస్తుందో బోధపడుతుంది. శిక్షకుడు చేతిలో చిన్న రొట్టెముక్క పట్టుకొని కుక్క ముక్కుముందు ఉంచి, నెమ్మదిగా దాని తలమీదుగా వెనుకకు జరుపుతాడు. ముక్కు పైకి లేచేసరికి నడుము దానంతటదే క్రిందికి దిగుతుంది. కూర్చున్న ఆ క్షణాననే ముక్క నోటికందాలి. ఒక్కటి రెండు క్షణాలు ఆలస్యమైనా అది లేచి నిలబడుతుంది. అప్పుడు బహుమానం లేచినందుకు లభించినట్లవుతుంది. పలుమార్లు ఇట్లా చేసి, చేయి కదలగానే కూర్చోవడం అలవడిన తరువాతనే మాటను జోడిస్తారు. మాట ఒక్కటే ఉండాలి. తండ్రి ‘కూర్చో’ అని, కొడుకు ‘సిట్’ అని, తల్లి ‘కూకో’ అని అంటే ఆ జంతువుకు అవి మూడు వేర్వేరు శబ్దాలు. ఆజ్ఞను ఒక్కసారే పలకాలి. పదిసార్లు పలికితే పదవసారికి లేవడమో కూర్చోవడమో చేయవచ్చునని అది నేర్చుకొంటుంది. పాఠం అయిదు నిమిషాలకు మించనక్కరలేదు. అలవాటు గట్టిపడిన తరువాత ప్రతిసారీ ముక్క ఇవ్వక, ఒకమారు ఇచ్చి ఒకమారు మెచ్చుకోలుతో సరిపెడితే ఆ అలవాటు మరింత నిలుస్తుంది.

‘రా’ అనే పిలుపు అన్నిటికంటె కష్టమైనది, ప్రాణాలు కాపాడేది కూడ. రోడ్డుమీదికి ఉరికిన కుక్కను వెనుకకు రప్పించగలిగేది ఆ ఒక్క మాటే. దానిని చాలమంది యజమానులు తమ చేతులారా చెడగొట్టుకొంటారు. గొలుసు తెంపుకొని పోయిన కుక్కను గంటసేపు పిలిచి, చివరకు అది తిరిగిరాగానే కోపం పట్టలేక కొడతారు. ‘పారిపోయినందుకు కొట్టాను’ అని యజమాని అనుకొంటాడు. కుక్క నేర్చుకొన్న పాఠం వేరు. దాని దృష్టిలో దెబ్బ తగిలినది దగ్గరకు వచ్చినందుకు.

ఈ సందర్భాన మహాభారతంలోని సరమ వృత్తాంతం గుర్తుకు వస్తుంది. జనమేజయుని యాగశాల చెంతకు ఆడుకొంటూ వచ్చిన కుక్కపిల్లను అతని తమ్ములు నిష్కారణంగా కొట్టారు. దేవశునియైన సరమ రాజసభకు వచ్చి, తన కుమారుడు చేసిన తప్పేమిటని నిలదీసింది. సమాధానం చెప్పగలవారు లేకపోయారు. నన్నయ ఆదిపర్వంలో తెలుగులోకి తెచ్చిన ఈ కథను నీతికథగానే చదువుతారు. శిక్షణ దృష్టితో చూసినా అందులో ఒక సత్యం ఉన్నది. ఎందుకు కొడుతున్నారో తెలియని దెబ్బ కుక్కకు ఏమీ నేర్పదు, భయాన్ని తప్ప.

‘తప్పు చేసినట్లు దానికి తెలుసు, చూడండి, తల ఎట్లా దించుకొన్నదో’ అని చాలమంది అంటారు. అమెరికా పరిశోధకురాలు అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో ఈ నమ్మకాన్ని పరీక్షించారు. యజమాని లేనప్పుడు తినవద్దన్న పదార్థాన్ని కొన్ని కుక్కలు తిన్నాయి, కొన్ని తినలేదు. యజమానులకు మాత్రం కొన్నిసార్లు తప్పుడు సమాచారం ఇచ్చారు. తల వంచడం, చెవులు వెనుకకు వాల్చడం, చూపు తప్పించడం కుక్క తిన్నదా లేదా అన్నదానిపై ఆధారపడలేదు. యజమాని గద్దించాడా లేదా అన్నదానిపై ఆధారపడ్డాయి. ఏ తప్పూ చేయకుండా గద్దింపుకు గురైన కుక్కలే ఎక్కువగా తల దించుకొన్నాయి. మనిషి పశ్చాత్తాపంగా భావించినది భయంతో కూడిన వేడికోలు మాత్రమే.

అయినా దండన చిరకాలం శిక్షణకు మూలసూత్రంగా చెలామణి అయింది. జర్మనీలో పోలీసు అధికారిగా పనిచేసిన కొన్రాడ్ మోస్ట్ 1910లో రచించిన గ్రంథం బలప్రయోగానికి పెద్దపీట వేసింది. తరువాత తోడేళ్ల పరిశీలన ఆ ధోరణికి కొత్త ఊతమిచ్చింది. జంతుప్రదర్శనశాలలో బంధించిన తోడేళ్లు ఆధిపత్యానికై పోట్లాడుకోవడం చూసి రుడాల్ఫ్ షెంకెల్ 1947లో రాసిన అంశాలను ఆధారం చేసుకొని, యజమాని కుక్కను పడగొట్టి తానే నాయకుడినని నిరూపించుకోవాలని పలువురు బోధించారు. డేవిడ్ మెక్ 1970లో ప్రచురించిన గ్రంథం ఆ భావనకు విశేష ప్రచారం కల్పించింది. అయితే ఆర్కిటిక్ ప్రాంతంలో స్వేచ్ఛగా తిరిగే తోడేళ్లను అనేక వేసవులు గమనించిన పిదప ఆ శాస్త్రవేత్తే 1999లో తన అభిప్రాయాన్ని సవరించుకొన్నాడు. అడవిలోని తోడేళ్ల గుంపు సాధారణంగా ఒక కుటుంబం. ముందు నడిచేవి తల్లిదండ్రులు. బందీల కలహాన్ని బట్టి స్వేచ్ఛాజీవుల స్వభావాన్ని నిర్ణయించడం పొరపాటని తేలింది. పోర్చుగల్‌లో 92 పెంపుడు కుక్కలపై జరిపిన అధ్యయనం 2020లో వెలువడింది. దండనతో నేర్పే శిక్షణాలయాల కుక్కలు, బహుమానంతో నేర్పే చోటి కుక్కలకంటె ఎక్కువ ఒత్తిడికి లోనైనట్లు వాటి ప్రవర్తనలోను, లాలాజలంలోని కార్టిసాల్ పరిమాణంలోను కనిపించింది.

కఠినమైన పనికి కఠినమైన శిక్షణే కావాలని వాదించేవారు హైదరాబాదు సమీపాన మొయినాబాదులోని ఇంటిగ్రేటెడ్ ఇంటెలిజెన్స్ ట్రైనింగ్ అకాడమీని గమనించవచ్చు. పోలీసు జాగిలాలకు, వాటి హ్యాండ్లర్లకు అక్కడ సుమారు ఎనిమిది నెలలపాటు కలిపి శిక్షణ ఇస్తారు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, బెల్జియన్ మాలినోయిస్ వంటి జాతులు అక్కడ పాఠాలు నేర్చుకొంటాయి. మద్యనిషేధం అమలులో ఉన్న బీహారు రాష్ట్రానికి 2018లో మద్యాన్ని వాసన పసిగట్టే జాగిలాలు శిక్షణ పొంది వెళ్లినది అక్కడినుండే. వాసన పట్టే పాఠానికి ప్రాణం ఆట. వెదకవలసిన పదార్థపు వాసనను జాగిలానికి ఇష్టమైన బంతితో ముడిపెడతారు. వాసన దొరికితే బంతి దొరుకుతుంది. ప్రేలుడు పదార్థాన్ని కనుగొన్న జాగిలం మొరగరాదు, కాలితో గీరరాదు, మౌనంగా కూర్చుండిపోవాలి. ఆ నిశ్చలత అనేకుల ప్రాణాలకు రక్ష. హ్యాండ్లరు దానికి తిండి పెడతాడు, ఒళ్లు దువ్వుతాడు, దాని శ్వాసలో కలిగే చిన్న మార్పును కూడ గుర్తుపట్టడం నేర్చుకొంటాడు. పేరుకు శిక్షణ జాగిలానిదే. అందులో సగం మనిషికి.

ఈ అనుబంధానికి దేహంలోనే ఒక ఆధారం ఉన్నది. జపానులోని అజాబు విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, యజమాని, కుక్క ఒకరి కళ్లలోనికి ఒకరు చూసుకొన్నపుడు ఉభయులలోనూ ఆక్సిటోసిన్ అనే హార్మోను పెరిగింది. తల్లీబిడ్డల మమకారానికి తోడ్పడేది కూడ ఆ హార్మోనే. మనుషులు పెంచిన తోడేళ్లలో ఈ ఫలితం కనబడలేదు.

అనుబంధం సంగతి ఇట్లా ఉండగా, అనేక ఇళ్లలో కుక్క జీవితం రెండు గజాల గొలుసుతో ముగుస్తుంది. పగలంతా కట్టివేయబడిన కుక్క కాపలా బాగా కాస్తుందన్నది నమ్మకం. నిజానికి అది వచ్చేవారిలో మిత్రుడెవరో శత్రువెవరో వాసన చూసి తెలుసుకొనే అవకాశం లేక అందరిపైనా మొరుగుతుంది. పైగా పిల్లలు దూరంనుండి రాయి విసిరి ‘ఉస్కో’ అంటే దాని కోపం రెట్టింపవుతుంది. జంతుహింస నివారణ చట్టం 1960లోనే దీనిని పట్టించుకొన్నది. ఎప్పుడూ గొలుసుతో కట్టి ఉంచే కుక్కకు తగిన వ్యాయామం కల్పించకపోవడాన్ని ఆ చట్టం పదకొండవ సెక్షను నేరంగా పేర్కొన్నది. ఈ విషయం ఎరిగిన యజమానులు అరుదు. మూడు నెలల వయసులో వేయించవలసిన రేబిస్ టీకాను, ఏటా వేయించవలసిన మలిటీకాను మరిచేవారు మరీ ఎక్కువ. ఆ వ్యాధి లక్షణాలు పొడచూపిన తరువాత మనిషి బ్రతకడం దాదాపు అసంభవం. కనుక ఎవరినైనా కుక్క కరిస్తే గాయాన్ని పదిహేను నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీటితో కడిగి, ఆలస్యం చేయక టీకా వేయించుకోవాలి. పసరు కట్టి ఊరుకొన్నవారు ప్రాణం పోగొట్టుకొన్న సందర్భాలున్నాయి.

మమకారం ఉన్నంత మాత్రాన మనిషి జంతువులన్నిటికీ మిత్రుడు కాడనటానికి పాలమూరు సీమలోనే ఒక ఉదాహరణ కలదు. మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకుల మండలం పొన్నకల్ గ్రామంలో 2024 ఫిబ్రవరిలో ఒకనాటి రాత్రి సుమారు ఇరవై వీధికుక్కలను తుపాకితో కాల్చి చంపారు. తెల్లవారేసరికి ఊరి వీధులలో అక్కడక్కడ కళేబరాలు పడి ఉన్నాయి. మరుసటి నెలలో పోలీసులు ముగ్గురిని అరెస్టు చేశారు. వారు తెలిపిన కారణం వినినవారిని ఆలోచింపజేసింది. అంతకుముందు ఆ ఊరి వీధికుక్కలు ఒక వ్యక్తి పెంపుడు కుక్కలపై దాడిచేయగా వాటిలో ఒకటి మరణించిందట. ఆ పగతోనే ఈ కాల్పులు జరిగాయట. అంటే ఆ తుపాకి వెనుక ఉన్నది కుక్కలపై ద్వేషం కాదు, ఒక కుక్కపై ఉన్న ప్రేమ. కాల్పులకు గురైనవాటిలో ఆనాటి దాడిలో పాల్గొన్నవి ఎన్నో ఎవరూ చెప్పలేరు. సరమ అడిగిన ప్రశ్నను పొన్నకల్ వీధులలోనూ అడగవచ్చు.

ఆ వీధికుక్కలు మనిషిని ఏమాత్రం అర్థం చేసుకోగలవో పరిశీలించినవారు మన దేశంలోనే ఉన్నారు. కోల్‌కతాలోని ఐసర్ విద్యాసంస్థలో అనిందితా భద్ర బృందం, ఏ శిక్షణా ఎరుగని వీధికుక్కల ముందు రెండు గిన్నెలుంచి, అపరిచితుడైన ఒక వ్యక్తిచేత ఒకదానివైపు వేలు చూపించింది. భయంతో దగ్గరకు రాని కుక్కలు సుమారు సగం. అవి మునుపు మనుషులవల్ల బాధపడి ఉండవచ్చునని పరిశోధకులు భావించారు. దగ్గరకు వచ్చినవాటిలో నూటికి దాదాపు ఎనభై, చూపిన గిన్నెవద్దకే వెళ్లాయి. అదే బృందం 2017లో ప్రకటించిన మరొక అధ్యయనంలో కొన్ని వీధికుక్కలకు తిండి పెట్టారు, మరికొన్నింటి తల నిమిరారు. కొన్నాళ్లపాటు అదే విధంగా చేసి చూడగా, ఆ అపరిచితుని చేతినుండి ఆహారం అందుకోవడానికి వేగంగా ముందుకు వచ్చినవి తిండి తిన్నవి కావు, తల నిమిరించుకొన్నవి.