కిలో హైడ్రోజన్, యాభై రెండు యూనిట్లు

కాకినాడ లాంటి రేవు పట్టణంలో డీఏపీ ఎరువు తయారు కావాలంటే అమ్మోనియా కావాలి, అమ్మోనియాకు హైడ్రోజన్ కావాలి. ఇప్పటిదాకా దాన్ని ఎక్కువగా సహజవాయువు నుంచే తీస్తున్నారు. అలా తీసిన ప్రతి కిలోకూ తొమ్మిది, పది కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. 2023లో కేంద్రం పెట్టిన ప్రమాణం ప్రకారం ఇది రెండు కిలోలు దాటకపోతేనే హరిత హైడ్రోజన్.

దాన్ని సోలార్ లాంటి కరెంటుతో నీటిని విడగొట్టి తీస్తారు. కాబట్టి పని నీళ్లతో మొదలవుతుంది. కిలో హైడ్రోజన్‌కు లెక్క ప్రకారం తొమ్మిది లీటర్లు చాలు. వృథా పోను పది, పదకొండు పడతాయి. కూలింగ్‌కు వాడేది వేరు. సముద్రపు నీటి ఉప్పు తీయడానికి వెయ్యి లీటర్లకు మూడు, నాలుగు యూనిట్ల కరెంటు సరిపోతుంది. అంటే కిలో హైడ్రోజన్‌కు నీళ్ల మీద అయ్యే కరెంటు ఖర్చు పైసల్లోనే. మిగిలిన లవణాలను రెజిన్ తొట్లు పట్టేస్తాయి. ఇక అది డీఎం (డీమినరలైజ్డ్) నీరు.

తర్వాత ఎలక్ట్రోలైజర్. ముప్పై శాతం కాస్టిక్ పొటాష్ కలిపిన నీరు ఎనభై డిగ్రీల వేడిలో సెల్స్ గుండా తిరుగుతుంది. రెక్టిఫయర్ కరెంటును డీసీగా మార్చి, ఒక్కో సెల్‌కు రెండు వోల్టుల లోపు ఇస్తుంది. నికెల్ పలకల మీద ఒకవైపు హైడ్రోజన్, మరోవైపు ఆక్సిజన్ బుడగలు లేస్తాయి. మధ్యలోని పలుచని పొర వాటిని కలవనివ్వదు. కిలోకు సుమారు 52 యూనిట్లు ఖర్చవుతాయి. ఒక మెగావాట్ యంత్రం గంటకు 19 కిలోలు ఇస్తుంది.

ఆపరేటర్ నేర్పు మబ్బు పట్టినప్పుడు బయటపడుతుంది. సోలార్ కరెంటు తగ్గితే ఆక్సిజన్ తక్కువ పుడుతుంది, పొర దాటి వచ్చే హైడ్రోజన్ మాత్రం అంతగా తగ్గదు. ఆక్సిజన్‌లో హైడ్రోజన్ నాలుగు శాతానికి చేరితే పేలుడు ప్రమాదం. అందుకే రెండు శాతం దగ్గరే యంత్రాన్ని ఆపేస్తారు.

బయటికొచ్చిన వాయువులో ఇంకా తేమ, కాస్త ఆక్సిజన్ ఉంటాయి. అవి అమ్మోనియా ఉత్ప్రేరకాన్ని పాడుచేస్తాయి. పల్లాడియం ఉత్ప్రేరకం ఉన్న పాత్రలో ఆక్సిజన్ నీరుగా మారిపోతుంది. ఆపై డ్రయర్ తేమ లాగేస్తుంది.

గాలి నుంచి విడదీసిన నైట్రోజన్ ఒక పాలు, హైడ్రోజన్ మూడు పాళ్లు కలిపి, వాతావరణ పీడనానికి 150 రెట్ల పీడనంలో, 450 డిగ్రీల వేడిలో ఇనుప ఉత్ప్రేరకం మీదుగా పంపిస్తారు. ఒక విడతలో ఐదో వంతు కూడా అమ్మోనియాగా మారదు. మిగిలింది మళ్లీ తిప్పాల్సిందే. తయారైనది మైనస్ 33 డిగ్రీల దగ్గర ద్రవంగా ట్యాంకులో చేరుతుంది. టన్ను అమ్మోనియాకు 178 కిలోల హైడ్రోజన్ పడుతుంది.

ధర తేలేది కరెంటు దగ్గర. యూనిట్ నాలుగు రూపాయలైతే కిలో హైడ్రోజన్‌కు కరెంటే రూ.208, రెండున్నరైతే రూ.130. కానీ చవక సోలార్ ఒక్కదాన్నే నమ్ముకుంటే యంత్రం రోజులో నాలుగో వంతే నడుస్తుంది, పెట్టుబడి వడ్డీ కొద్ది కిలోల మీదే పడుతుంది. గాలి మరలు, నీటిని ఎత్తుకు తోడి కరెంటు నిల్వచేసే పిన్నాపురం లాంటి పంప్డ్ స్టోరేజ్ కలిపితే గంటలు పెరుగుతాయి, యూనిట్ ధరా పెరుగుతుంది. ఈ రెండింటి మధ్య ఎక్కడ ఆగాలో తేల్చుకోవడమే ఇంజినీర్ల అసలు లెక్క.

2025లో సెకీ (సోలార్ ఎనర్జీ కార్పొరేషన్) వేలంలో పారాదీప్ ఎరువుల ఫ్యాక్టరీకి హరిత అమ్మోనియా ధర కిలో రూ.55.75గా తేలింది. కేంద్రం ప్రోత్సాహకం మొదటి మూడేళ్లు కిలోకు వరుసగా రూ.8.82, 7.06, 5.30.

యాభై కిలోల డీఏపీ బస్తాకు సుమారు 11 కిలోల అమ్మోనియా, అంటే రెండు కిలోల హైడ్రోజన్ పడుతుంది. యూనిట్ మీద రూపాయి తగ్గితే, ప్రతి బస్తా మీదా నూరు రూపాయలు మిగులుతాయి.