ముందు చెవి, తరవాతే నోరు

పియారా వాటర్స్, పెర్త్

అమ్మడూ,

స్పీచ్ పాథాలజీ చదువులో చేరుతున్నావని మీ నాన్న చెప్పాడు. సెలవులకు పెర్త్ వస్తున్నావు కదా, మీ అక్క కూతురికి ఇప్పుడు పది నెలలు. పసిపిల్లలకు మాట ఎలా వస్తుందో గమనించడానికి ఇదే అదను. అయితే అది ఏమంటోందో రాసే ముందు ఏం వింటోందో రాసుకో.

నోరు తిరగకముందే చెవి చాలా చదివేస్తుంది. 1971లో అమెరికాలో పీటర్ ఐమాస్ బృందం నెల పిల్లల నోట్లో పాలపీక పెట్టి శబ్దాలు వినిపించింది. ఒకే శబ్దం విని విని విసుగెత్తి చప్పరించడం తగ్గించిన పిల్లలు, ‘బ’ స్థానంలో ‘ప’ రాగానే మళ్లీ గబగబా చప్పరించారు. తేడా తెలిసిందన్నమాట. 1984లో కెనడాలో జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ ఇంకో మెలిక చూపించారు. హిందీలోని త, ట తేడాను ఇంగ్లీషు ఇళ్లలో పెరిగే ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు చాలామంది పట్టేశారు. ఏడాది దగ్గరపడేసరికి అలా పట్టగలిగినవాళ్లు కొద్దిమందే. వినికిడి తగ్గి కాదు, ఇంట్లో పనికొచ్చే తేడాల మీదే దృష్టి నిలిచి. మన ‘పాత’, ‘పాట’ వేరయ్యేది ఆ తేడాతోనే. మన పిల్లకు అది రోజూ చెవిన పడుతోంది.

ఎవరి నోట వింటోందన్నదీ ముఖ్యమే. 2003లో పట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికా పిల్లలకు మాండరిన్ వినిపించింది. ఎదురుగా కూర్చుని ఆడించినవాళ్ల దగ్గర పిల్లలు ఆ శబ్దాలు నేర్చారు. వీడియోలో చూసినవాళ్లకు అబ్బలేదు.

అందుకే నోట్‌బుక్‌లో నాలుగు గళ్లు గియ్యి: ఎవరు మాట్లాడారు, ఏ భాషలో, అప్పుడు ఏం జరుగుతోంది, పిల్ల ఏం చేసింది. ‘బంతేదీ?’ అని అడిగేటప్పుడు నువ్వు బంతి వైపు చూడకు. చూస్తే పిల్ల నీ మాట అందుకుందో, నీ చూపు అందుకుందో తేలదు. అది ‘తాతాతా’ అనగానే నన్నే పిలిచిందని నాకు సంబరం. నువ్వు మాత్రం దాన్ని మాటల లెక్కలో వెయ్యకు. నన్ను చూసినప్పుడల్లా అదే అంటే అప్పుడు వెయ్యి. విన్నది విన్నట్టే రాయి, దిద్దకు. ఇంట్లో తెలుగూ చైల్డ్‌కేర్‌లో ఇంగ్లీషూ వినే పిల్ల కాబట్టి రెండు భాషల మాటలూ కలిపి లెక్కపెట్టు.

ఎక్కడా తీర్పు చెప్పకు. ఈ పశ్చిమ ఆస్ట్రేలియాలోనే 1,766 మంది రెండేళ్ల పిల్లలను పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, 13.4 శాతం మందికి మాట ఆలస్యంగా వస్తోందని తేలింది. మగపిల్లల్లోనూ, ఇంట్లో అలాంటి చరిత్ర ఉన్నవాళ్లలోనూ ఆ అవకాశం ఎక్కువ. ఎవరి బిడ్డ గురించైనా అనుమానం వస్తే ‘రెండు భాషల వల్లే’ అనెయ్యకు. ముందు వినికిడి పరీక్ష చేయించమను, చైల్డ్ హెల్త్ నర్సును కలవమను.

రికార్డర్ తెచ్చుకో. ఆన్ చేసే ముందు అక్కనూ బావనూ అడుగు, వద్దంటే నోట్‌బుక్కే చాలు.

మీ పెదనాన్న