ట్యాంకరు ముందు ఎటు తిరగాలి?

ఎం.టెక్‌లో లాజిస్టిక్స్, ఆప్టిమైజేషన్ తీసుకుంటానంటే క్లాస్‌మేట్లు అనే మాట ఒకటే: "అదంతా సాల్వర్ చేసేస్తుంది కదరా, ఇంక నువ్వు చేసేదేముంది?" తీసిపారేయాల్సిన ప్రశ్నేం కాదిది. ఓ చిన్న లెక్కతో చూద్దాం.

వేసవిలో నీళ్ల ట్యాంకరు ఫిల్లింగ్ పాయింట్ నుంచి బయల్దేరి, కాలనీల సంపుల్లో నీళ్లు పోసి వెనక్కి రావాలి. పది కాలనీలుంటే, ఒకే రూటుని తిరగేసి వెళ్లడాన్ని వేరుగా లెక్కపెట్టకపోయినా, 18,14,400 రూట్లున్నాయి. ఇరవై కాలనీలైతే సెకనుకి వంద కోట్ల రూట్లు చూసే కంప్యూటరుకైనా 38 ఏళ్లు పడుతుంది. అందుకే అన్నీ చూడకుండానే అన్నిటికన్నా చిన్నదాన్ని పట్టుకోవాలి. 1954లో డాంట్‌జిగ్, ఫుల్కర్సన్, జాన్సన్ అమెరికాలో 49 నగరాల రూటుకి ఆ పని చేసి చూపించారు, అదీ చేత్తో లెక్కలు వేసి!

ఇక మోడల్ రాయడం. "ప్రతి కాలనీలోకి ఒక్కసారి రావాలి, ఒక్కసారి బయటికి పోవాలి" అని మాత్రమే రాసి సాల్వర్‌కి ఇచ్చామనుకోండి. అది దర్జాగా రెండు విడివిడి చక్రాలు ఇవ్వొచ్చు. ఒకదాంట్లో అసలు ఫిల్లింగ్ పాయింటే ఉండదు. అంటే నీళ్లు లేని ట్యాంకరు నాలుగు కాలనీల చుట్టూ ప్రదక్షిణలు చేస్తుందన్నమాట. సాల్వర్ తప్పేం లేదు, అలా వద్దని మనం చెప్పలేదు. ఆ చెప్పాల్సిన షరతుల్నే సబ్‌టూర్ ఎలిమినేషన్ అంటారు. ఇరవై కాలనీలకే అవి లక్షల్లో ఉంటాయి. కాబట్టి విడి చక్రం కనిపించినప్పుడల్లా ఒక షరతు చేర్చి మళ్లీ సాల్వ్ చేస్తారు. 1954 వాళ్ల పద్ధతి కూడా ఇలాంటిదే.

అసలు చిక్కు దీని తర్వాత వస్తుంది. ఒకే రోడ్డు. ఫిల్లింగ్ పాయింట్‌కి ఎడమవైపు 1 కిలోమీటరులో ఒక కాలనీ, 5 ఇళ్లు. కుడివైపు 3, 4 కిలోమీటర్లలో రెండు కాలనీలు, ఒక్కోదాంట్లో 40 ఇళ్లు. ట్యాంకరు ముందు ఎటు వెళ్లినా మొత్తం తిరుగుడు 10 కిలోమీటర్లే. డీజిల్ తగ్గించమంటే సాల్వర్‌కి రెండూ ఒకటే.

ఎదురుచూపుని లెక్కపెడదాం. నీళ్లు పోసే టైమ్ పక్కన పెట్టండి, ట్యాంకరు వచ్చేలోపు తిరిగే కిలోమీటర్లే ఎదురుచూపు. ఎడమకి ముందెళ్తే కాలనీలకి 1, 5, 6, మొత్తం 12. కుడికి ముందెళ్తే 3, 4, 9, మొత్తం 16. ఎడమే మేలు. కానీ కాలనీల బదులు ఇళ్లు లెక్కపెడితే ఎడమకి 445, కుడికి 325. తీర్పు తిరగబడింది! పోనీ అందరికన్నా ఎక్కువసేపు ఆగేవాళ్లని చూద్దామంటే 6, 9. మళ్లీ ఎడమే.

ఆ ఐదిళ్లవాళ్లు బిందెలు పట్టుకుని ఎంతసేపు నిలబడాలో మనం రాసే ఒక్క ఆబ్జెక్టివ్ ఫంక్షన్ లైనులోనే తేలిపోతుంది. సాల్వర్ ఆ లైను రాయదు. నా మటుకు నాకు, రెండేళ్ల కోర్సులో సింప్లెక్స్ పట్టికల కన్నా ఎక్కువ టైమ్ ఇవ్వాల్సింది దీనికే.

ఎడమ కాలనీలో ఎన్ని ఇళ్లు దాటితే ఇళ్ల లెక్క కూడా ఎడమవైపే మొగ్గుతుందో వేసి చూడండి. రెండు లైన్ల పని.