తోటబల్ల

చదునైన పలకపై చాలసేపు కూర్చున్నవారికి కాళ్లు తిమ్మిరి పట్టును. పలక ముందంచు తొడల వెనుక భాగమును నొక్కుటయే దీనికి కారణము. కావున నేర్పరియైన వడ్రంగి పీఠమును కొంచెము పల్లముగా మలచి, ముందంచును గుండ్రముగా చిత్రిక పట్టును. కాని తోటలో వేయు బల్లకు వేరొక చిక్కు కలదు. దేహమునకు సుఖమిచ్చు ఆ పల్లమే వాననీటికి తొట్టి యగును. నీరు నిలిచిన కొయ్య, టేకుదే యైనను, కాలక్రమమున చీకిపోక తప్పదు.

దీనికి ఉపాయము పీఠము అడుగున నున్నది. ముందునుండి వెనుకకు వేయు మూడు అడ్డకొయ్యలపై ఒకే అచ్చుతో వంపు గీసి, నడుమ ముప్పాతిక అంగుళము లోతు వచ్చునట్లు రంపముతో కోయవలెను. మూడింటిని జతగా బిగించి ఆకురాయితో రాచినచో వంపులో భేద ముండదు. వెనుకవైపు ముందుకంటె అంగుళము పల్లముగా నుండవలెను. పిమ్మట రెండంగుళముల వెడల్పు గల బద్దలను బల్ల పొడవునా పరచి, నడుమ పావంగుళము సందు విడిచి, మరమేకులతో బిగింతురు. మేకుతల పైకి తేలెనా, కూర్చున్నవారి బట్టలు చిరుగును! ఒక్క బద్దనైనను తొలువకయే పల్లము సిద్ధమగును. వాననీరు సందులగుండ జారిపోవును.

అయితే బిగించుటకు ముందు బద్దలను ఊరక పేర్చి, వానిపై కొంతసేపు కూర్చుండి చూడవలెను. ఒత్తుకొను బద్ద యేదో అప్పుడే తెలియును. దానిని తీసి మరల చిత్రిక పట్టవచ్చును.