ఏమారేది పెద్దవాళ్లేనా?

“ఆన్‌లైన్ మోసాలకు ఎక్కువగా చిక్కేది ఎవరు?” అని మన క్లాసులో ఎవరిని అడిగినా “ముసలివాళ్లే” అని ఠక్కున చెప్తారు. స్మార్ట్‌ఫోన్ వాళ్లకు కొత్త, ఓటీపీ అంటే తెలియదు, ఎవరేమి చెప్పినా నమ్మేస్తారు అని కారణాలు కూడా చెప్తారు. ఈ జవాబు సగమే నిజం. మిగతా సగం తెలుసుకోకపోతే మన ఇంట్లో పెద్దవాళ్లకు నష్టం ఇంకా ఎక్కువ అవుతుందని నా అభిప్రాయం.

ముందు ఒక మాట గురించి

మా ఇంట్లో రెండు భాషలు. నాన్న వైపు తెలుగు, అమ్మ పుట్టిల్లు తమిళం. డబ్బు పోగొట్టుకున్నవాళ్లు తమిళంలో “ఏమాందుట్టేన్” అంటారు, అంటే మోసపోయాను అని. మన తెలుగులో దానికి దగ్గరగా వినిపించే మాట ‘ఏమరుపాటు’. దాని అర్థం మోసపోవడం కాదు, జాగ్రత్త తప్పిన క్షణం. ‘ఏమార్చడం’ అంటే ఆ క్షణాన్ని ఎదుటివాడు కావాలని కల్పించడం. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టుకుంటే విషయం చాలావరకు తేలిపోతుంది. మోసపోవడానికి తెలివి తక్కువ కానక్కరలేదు, వయసు మళ్లనక్కరలేదు. ఒక్క క్షణం ఏమరుపాటు చాలు. ఆ క్షణం ఒక్కో వయసులో ఒక్కో రకంగా వస్తుంది.

లెక్కలు ఏమంటున్నాయి?

వయసుల వారీగా చక్కగా లెక్కలు వేసే సంస్థ అమెరికాలో ఉంది, పేరు ఫెడరల్ ట్రేడ్ కమిషన్. 2023లో మోసం గురించి ఆ సంస్థకు తెలియజేసినవాళ్లలో 20 నుంచి 29 ఏళ్ల వాళ్లను తీసుకుంటే, నూటికి 44 మంది నిజంగా డబ్బు పోగొట్టుకున్నారు. 70 నుంచి 79 ఏళ్ల వాళ్లలో నూటికి 25 మందే. అంటే ఫోన్ వచ్చినా, మెసేజ్ వచ్చినా డబ్బు పోకుండా తప్పించుకున్నది పెద్దవాళ్లే ఎక్కువ.

కానీ ఎంత పోయింది అని చూస్తే లెక్క తిరగబడుతుంది. ఇరవైల్లో ఉన్నవాళ్ల మధ్యస్థ నష్టం, అంటే సగం మందికి అంతకంటే తక్కువ, సగం మందికి అంతకంటే ఎక్కువ పోయిన మొత్తం, 480 డాలర్లు. 80 దాటినవాళ్లకు అది 1,450 డాలర్లు.

అందుకని “పెద్దవాళ్లు ఎక్కువ మోసపోతారా?” అనే ప్రశ్నను రెండుగా విడదీయాలి. ఎక్కువసార్లు మోసపోతారా అంటే, ఈ లెక్క ప్రకారం కాదు. ఒకసారి చిక్కితే ఎక్కువ పోగొట్టుకుంటారా అంటే, అవును.

ఎందుకు ఎక్కువ పోతుంది?

మొదటి కారణం తేలిక. మన అకౌంట్లో స్కాలర్‌షిప్ డబ్బు ఉంటే గొప్ప. పెద్దవాళ్ల అకౌంట్లో జీవితకాలపు కూడబెట్టు ఉంటుంది. మన హోసూరు వైపే చూడండి. ఫ్యాక్టరీ నుంచి రిటైరైనప్పుడు వచ్చిన పీఎఫ్, లేఅవుట్లకు అమ్మిన పొలం డబ్బు, కూతురి పెళ్లికని వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్. మనకు పోతే మళ్లీ సంపాదించుకోవడానికి ఏళ్లున్నాయి. వాళ్లకు లేవు.

రెండోది భయం. ‘డిజిటల్ అరెస్టు’ అనే మోసం పూర్తిగా దీని మీదే నడుస్తుంది. మీ ఆధార్ మీద తీసిన సిమ్ నేరానికి వాడారు అనో, మీ పేరుమీద పార్సిల్‌లో మత్తుపదార్థాలు దొరికాయి అనో ఫోన్ వస్తుంది. తర్వాత వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకున్న మనిషి కనిపిస్తాడు. కాల్ కట్ చేయకూడదు, ఎవరికీ చెప్పకూడదు అంటాడు. చివరికి “తనిఖీ కోసం” డబ్బంతా ఒక అకౌంటుకు పంపమంటాడు. గౌరవంగా బతికి, ఎన్నడూ పోలీసు స్టేషన్ మెట్లు ఎక్కనివాళ్లకే ఈ భయం ఎక్కువ. పరువు పోతుందేమో అన్న బెంగే ఇక్కడ ఏమరుపాటు.

చదువు, హోదా దీనికి అడ్డు కావు. వర్ధమాన్ గ్రూపు అధినేత ఎస్.పి. ఓస్వాల్‌కు 2024లో 82 ఏళ్లు. వేల మందికి ఉద్యోగాలిచ్చిన మనిషి. నకిలీ సుప్రీంకోర్టు విచారణను వీడియోలో చూపించి ఆయన దగ్గర 7 కోట్ల రూపాయలు లాగారు. హైదరాబాదులో 2025 సెప్టెంబరులో 76 ఏళ్ల విశ్రాంత వైద్యురాలు ఇలాంటి కాల్స్ నడుమే గుండెపోటుతో చనిపోయారు.

2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి ‘మన్ కీ బాత్’లో దీని గురించి మాట్లాడి, చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదని చెప్పారు. అంబాలాకు చెందిన వృద్ధ దంపతులు పోగొట్టుకున్న సంగతి తెలిసి, 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. డిసెంబరులో దర్యాప్తును సీబీఐకి అప్పగించింది.

మన వయసువాళ్ల సంగతి

ఇప్పుడు అవతలి పక్క చూద్దాం. కేంద్ర హోంశాఖ కింద పనిచేసే ఐ4సీ చెప్పిన లెక్క ప్రకారం, 2024లో మొదటి నాలుగు నెలల్లో డిజిటల్ అరెస్టు పేరుతో పోయింది 120 కోట్ల రూపాయలు. అదే నాలుగు నెలల్లో ట్రేడింగ్ పేరుతో జరిగిన మోసాల్లో పోయింది 1,420 కోట్లు. తొందరగా డబ్బు రావాలన్న ఆశ ముసలితనంతో వచ్చేది కాదు కదా.

2020 చివర్లో తెలంగాణలో లోన్ ఆప్‌ల వేధింపులు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లలో ఉద్యోగాలు చేసుకుంటున్న యువతీయువకులున్నారు. 2024లో ముంబై ఐఐటీ విద్యార్థి ఒకరు డిజిటల్ అరెస్టులోనే 7 లక్షలకు పైగా పోగొట్టుకున్నారు. ఫోన్ బాగా వాడటం వచ్చినంత మాత్రాన రక్షణ లేదని దీనివల్ల తెలుస్తుంది.

ఇంకో సంగతి నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి ఆంధ్ర నుంచి కంబోడియా వెళ్లిన కుర్రాళ్లను అక్కడ బంధించి, మన దేశంలోనివాళ్లకే ఫోన్లు చేయించి మోసం చేయించారు. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు ఏజెంట్లను పట్టుకోవడంతో ఇది బయటపడింది. అంటే ఒక తాతను భయపెట్టే గొంతు, ఉద్యోగం ఆశతో మోసపోయిన ఒక మనవడిదే కావచ్చు. దోచిన డబ్బు చేతులు మారడానికి వాడే అకౌంట్లు కూడా చాలాసార్లు విద్యార్థులవే. “నీ అకౌంటు, ఏటీఎం కార్డు కొన్నాళ్లు ఇవ్వు, ఐదు వేలిస్తా” అని అడిగితే ఇచ్చేస్తారు. తర్వాత పోలీసులు వచ్చేది వాళ్ల ఇంటికే.

మా ఇంట్లో చూసినవి రెండు చెప్తాను. తాతకు ఒక రాత్రి ఫోన్ వచ్చింది, “కరెంటు బిల్లు కట్టలేదు, రాత్రి తొమ్మిదిన్నరకు కనెక్షన్ కట్ చేస్తాం” అని. ఆయన ఏ మాత్రం తొణకలేదు. “ఏ సెక్షన్ ఆఫీసప్పా నీది? మా వీధి లైన్‌మేన్ పేరేమి, చెప్పు చూస్తాం” అన్నాడు. అవతలివాడు పెట్టేసినాడు. తాతకు యూపీఐ రాదు, కానీ లైన్‌మేన్ పిల్లల పేర్లతో సహా తెలుసు. అదే ఏడాది ఇంజనీరింగ్ చదివిన మా బంధువుల అబ్బాయి, టెలిగ్రామ్‌లో ఇంటి నుంచి పని అని చేరి, హోటళ్లకు రేటింగులు ఇస్తూ పద్దెనిమిది వేలు పోగొట్టుకున్నాడు. మొదట ఐదొందలు నిజంగానే అకౌంట్లో పడ్డాయంట. ఆ ఐదొందలే ఎర. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, మూడు నెలల తర్వాత బయటపడింది.

చెప్పుకోలేకపోవడమే అసలు నష్టం

ఆ మూడు నెలల దగ్గర ఆగి ఆలోచించాలి. ఇలా పోయిన డబ్బు ఒక అకౌంటు నుంచి ఇంకొకదానికి, అక్కడి నుంచి మరో పదింటికి గంటల్లో పాకిపోతుంది. 1930కి ఫోన్ చేస్తే ఫిర్యాదు వెంటనే బ్యాంకులకు చేరుతుంది, డబ్బు ఇంకా ఏ అకౌంట్లోనైనా మిగిలి ఉంటే దాన్ని ఆపుతారు. ఓస్వాల్ గారి విషయంలో పోలీసులు 5 కోట్లకు పైగా వెనక్కి తెప్పించగలిగారు. మూడు నెలల తర్వాత ఫోన్ చేస్తే ఆపడానికి ఏం మిగులుతుంది?

పెద్దవాళ్లు ఎందుకు ఆలస్యం చేస్తారు? “ఈ వయసులో నీకు ఫోన్ ఎందుకు?” అని కొడుకు అంటాడేమో, ఏటీఎం కార్డు తీసేసుకుంటారేమో, ఇకమీదట ఇంటి లెక్కల్లో తమ మాట చెల్లదేమో అని. ఆ భయం ఊరికే రాలేదు. “ముసలివాళ్లు, ఏమీ తెలియదు” అని మనం రోజూ నవ్వుతూ అనే మాటే అది. మోసగాడు కూడా అడిగేది అదే, “ఎవరికీ చెప్పొద్దు” అని. మనం వెక్కిరిస్తే వాడి పని సులువవుతుంది.

మనం చేయగలిగింది

ఇంటికి వెళ్లాక పెద్దవాళ్లకు పాఠం చెప్పకండి, వాళ్లకు ఏమేం కాల్స్ వచ్చాయో అడగండి. వాళ్లు తప్పించుకున్న కథలు వింటే మనకే కొత్త సంగతులు తెలుస్తాయి. మనకు వచ్చిన దొంగ మెసేజీలు కూడా వాళ్లకు చూపించండి.

పోలీసు, కోర్టు, బ్యాంకు ఏదీ వీడియో కాల్‌లో అరెస్టు చేయదని, డబ్బు పంపమని అడగదని వాళ్ల భాషలోనే చెప్పండి. తెలుగైతే తెలుగు, తమిళమైతే తమిళం, కన్నడమైతే కన్నడం. “ఎవరికీ చెప్పొద్దు” అని ఎవరైనా అంటే వెంటనే ఇంట్లో చెప్పాలన్న ఒప్పందం పెట్టుకోండి. ఆ ఒప్పందం మనకు కూడా.

మీ అకౌంటు, సిమ్ ఎవరికీ అద్దెకు ఇవ్వకండి, స్నేహితురాలు అడిగినా సరే.

1930 నంబరును గోడ క్యాలెండరు మీద పెద్ద అంకెలతో రాయండి. డబ్బు పోయిందని తెలిస్తే ముందు ఆ నంబరుకు చేయాలి. ఎలా పోయింది, ఎవరి తప్పు అన్న మాటలు తర్వాత మాట్లాడుకోవచ్చు.