జర్మనీలో క్రిస్మస్: ప్రయాణానికి ముందే నేర్చుకోవలసిన మాటలు



మన పిల్లల్లో పైచదువులకు జర్మనీ వెళ్ళేవారు ఏటా కనిపిస్తున్నారు. చాలామందికి చదువు అక్టోబరులో మొదలవుతుంది. చలి, కొత్త ఊరు, పరీక్షల భయం, వీటికి అలవాటు పడేలోపే డిసెంబరు వచ్చేస్తుంది. నేను డ్రెస్డెన్‌లో చదువుకుని వచ్చి ఇప్పుడు జర్మన్ పాఠాలు చెబుతున్నాను. నా దగ్గరికి వచ్చే పిల్లలకు వ్యాకరణంతోపాటు ఈ పండుగ మాటలు తప్పక నేర్పుతాను. ఎందుకంటే ఆ దేశంలో డిసెంబరు 24 సాయంత్రం ఎవరిళ్ళలో వారు ఉంటారు, వీధులు ఖాళీ అవుతాయి. ఆ రోజు ఎవరైనా భోజనానికి పిలిస్తే, జవాబు చెప్పలేక గదిలో ఉండిపోవడం కంటే నాలుగు మాటలు నేర్చుకోవడం సులువు.

1. పలికే తీరు

జర్మన్ మాటలను తెలుగు లిపిలోనే రాస్తున్నాను. 'ట్స్' అని ఉన్నచోట, చుక్క, చాప అనేటప్పుడు మన ఇళ్ళలో పలికే చకారాన్ని తలచుకోండి, దాదాపు సరిపోతుంది. 'ఇష్' (నేను) అన్న మాటలోని 'ష్'ను మెత్తగా, గాలి వదులుతూ పలకాలి. 'ఖ్'ను గొంతులోంచి గరగరమనిపించాలి.

2. పండుగ రోజులు

క్రిస్మస్‌ను 'వైనాఖ్టెన్' అంటారు, అంటే పవిత్రమైన రాత్రులు. పండుగకు ముందు వచ్చే నాలుగు ఆదివారాల కాలం 'అడ్వెంట్'. పచ్చని కొమ్మల చక్రంపై నాలుగు కొవ్వొత్తులు నిలిపి, వారానికొకటి చొప్పున ఎక్కువ వెలిగిస్తారు. దీని పేరు 'అడ్వెంట్స్‌క్రాంట్స్'. హాంబుర్గ్‌లో అనాథ పిల్లల ఆశ్రమం నడిపిన వీషెర్న్ అనే వ్యక్తి, పండుగ ఇంకెన్ని రోజులుందని పిల్లలు అడుగుతుంటే 1839లో ఈ పద్ధతి మొదలుపెట్టాడని చెబుతారు. 24 చిన్న తలుపులుండే 'అడ్వెంట్స్‌కలెండర్' కూడా రోజులు లెక్కపెట్టడానికే.

డిసెంబరు 6 'నికోలౌస్' రోజు. ముందు రాత్రి పిల్లలు గుమ్మం దగ్గర బూట్లు పెడితే తెల్లారేసరికి వాటిలో మిఠాయిలు ఉంటాయి. డిసెంబరు 24 'హైలిష్‌ఆబెంట్'. కానుకలు ('గెషెంకె') ఇచ్చుకునేది ఆ సాయంత్రమే, దాన్ని 'బెషేరుంగ్' అంటారు. ఉత్తరాదిన కానుకలు తెచ్చేది 'వైనాఖ్ట్స్‌మన్' అనే తాత, దక్షిణాదిన 'క్రిస్ట్‌కింట్' అనే బాల దేవదూత. 25, 26 రెండూ సెలవులే.

ఇక్కడ 'ఫైయర్‌టాక్' (పండుగ సెలవు) అన్న మాట బాగా గుర్తుంచుకోండి. దుకాణాలు 24 మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో మూస్తే మళ్ళీ 27నే తెరుస్తారు. 27 ఆదివారం అయితే 28 దాకా ఆగాలి. పెద్ద రైల్వే స్టేషన్లలో కొన్ని కొట్లు మాత్రం ఉంటాయి. బియ్యం, పప్పు, పాలు, కూరగాయలు 23కే తెచ్చిపెట్టుకోండి.

3. సంతలో

అడ్వెంట్ కాలమంతా ఊరి నడిబొడ్డున క్రిస్మస్ సంత, 'వైనాఖ్ట్స్‌మార్క్ట్', సాగుతుంది. డ్రెస్డెన్‌లోని 'ష్ట్రీట్సెల్‌మార్క్ట్' 1434లో మొదలైంది. అక్కడ వినబడే మాటలు:

ష్టొలెన్ – ఎండుద్రాక్ష, వెన్న వేసి, పైన పంచదార పొడి చల్లిన రొట్టె
లేప్‌కూఖెన్ – మసాలా దినుసుల తీపి బిళ్ళ
ప్లెట్స్‌షెన్ – ఇంట్లో చేసే చిన్న బిస్కెట్లు
గెబ్రాంటె మాండెల్న్ – పంచదార పాకంలో వేయించిన బాదం
గ్ల్యూవైన్ – దినుసులు వేసి వేడిచేసిన ద్రాక్ష సారాయి
కిండర్‌పున్ష్ – సారాయి లేని వేడి పండ్లరసం
ప్ఫాంట్ – కప్పు కోసం ముందు తీసుకునే డబ్బు, కప్పు తిరిగి ఇస్తే వెనక్కి ఇస్తారు

సందేహం ఉంటే మొహమాటపడకుండా అడగండి: 'ఇస్ట్ డా ఆల్కొహోల్ డ్రిన్?' (ఇందులో సారాయి ఉందా?), 'ఇస్ట్ డా ఫ్లైష్ డ్రిన్?' (ఇందులో మాంసం ఉందా?).

4. శుభాకాంక్షలు

ఫ్రోయె వైనాఖ్టెన్! – క్రిస్మస్ శుభాకాంక్షలు
షోనె ఫైయర్‌టాగె! – పండుగ సెలవులు హాయిగా గడవాలి (మతం ఏదైనా అందరికీ చెప్పవచ్చు)
డాంకె, గ్లైష్‌ఫాల్స్! – ధన్యవాదాలు, మీకూ అంతే
ఈనెన్ ఔఖ్! – మీకు కూడా
డీర్ ఔఖ్! – నీకు కూడా

చివరి రెండింటి తేడా ఇంగ్లీషు ద్వారా ఆలోచిస్తే తెలియదు, తెలుగులో ఆలోచిస్తే వెంటనే తెలుస్తుంది. 'జీ' అంటే మీరు, 'డూ' అంటే నువ్వు. తోటి విద్యార్థులతో మొదటి రోజు నుంచే 'డూ' అనవచ్చు. ప్రొఫెసరు, ఇంటి యజమానురాలు వంటి పెద్దలను వారే చెప్పేదాకా 'జీ' అనాలి. ఆంటీ, అంకుల్ వంటి వరసలు అక్కడ లేవు. పేరుకు ముందు 'ఫ్రౌ' (శ్రీమతి), 'హెర్' (శ్రీ) చేర్చి ఇంటిపేరుతో పిలవాలి.

5. భోజనానికి పిలిస్తే

ఫీలెన్ డాంక్ ఫ్యూర్ డీ ఐన్‌లాడుంగ్! – పిలిచినందుకు చాలా ధన్యవాదాలు
డార్ఫ్ ఇష్ ఎట్వాస్ మిట్‌బ్రింగెన్? – ఏమైనా తీసుకురానా?
ఇష్ ఎస్సె కైన్ ఫ్లైష్. – నేను మాంసం తినను
ఎస్ ష్మెక్ట్ జేర్ గూట్. – చాలా రుచిగా ఉంది
కాన్ ఇష్ హెల్ఫెన్? – నేను సాయం చేయనా?

మాంసం తినని సంగతి పిలిచిన రోజే చెప్పండి. 24 రాత్రి చాలా ఇళ్ళలో బంగాళాదుంప సలాడ్‌తో సాసేజీలు, 25న బాతు కూర ఉంటాయి. ముందే తెలిస్తే వారు మీకు వేరే వండుతారు. చెప్పిన సమయానికే వెళ్ళండి.

మన ఇళ్ళలో 'వద్దండీ' అన్నా మరోసారి వడ్డిస్తారు. అక్కడ అలా కాదు. వద్దంటే వద్దనే అర్థం, రెండోసారి అడగరు. వడ్డించబోయేటప్పుడు ఉత్త 'డాంకె' అన్నా వద్దన్నట్లే భావిస్తారు. కావాలంటే 'యా, గెర్న్' (ఇష్టంగా) అనండి. కడుపు నిండితే 'డాంకె, ఇష్ బిన్ జట్'. మొహమాటంతో ఆకలిగా లేచి రావద్దు.

చిన్న కానుక తీసుకెళ్ళండి. మన వైపు వేరుశనగ చిక్కీ అయినా చాలు. 'డాస్ ఇస్ట్ ఔస్ మైనర్ హైమాట్' (ఇది మా ఊరిది) అని ఇవ్వండి. 'హైమాట్' అంటే సొంత ఊరు, సొంత నేల. చెన్నై అనో, హోసూరు అనో, బరంపురం అనో చెబితే మీ భాష ఏదని అడగవచ్చు. 'ట్సు హౌజె ష్ప్రెషెన్ వీర్ తెలుగు' (ఇంట్లో మేము తెలుగు మాట్లాడతాం) అని చెప్పండి. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష మనకు పుట్టినప్పటి నుంచి అలవాటే కదా. మూడో భాషకు భయపడవలసిన పని లేదు.

6. కొత్త సంవత్సరం

డిసెంబరు 31 'జిల్వెస్టర్'. ఆ రాత్రి పన్నెండు కొట్టేదాకా 'గూటెన్ రుట్ష్!' అంటారు, అంటే కొత్త ఏడాదిలోకి చక్కగా జారుకోండి అని. పన్నెండు తర్వాత 'ఫ్రోయెస్ నొయెస్ యార్!' గ్లాసులు తాకించేటప్పుడు 'ట్సుమ్ వోల్' లేదా 'ప్రోస్ట్' అంటూ ఎదుటివారి కళ్ళలోకి చూడాలి. మీ గ్లాసులో పండ్లరసం ఉన్నా పరవాలేదు.

అభ్యాసం

ఈ సందర్భాల్లో ఏమంటారు?
(అ) ఇంటి యజమానురాలు 'ఫ్రోయె వైనాఖ్టెన్' అన్నారు.
(ఆ) మీకు నచ్చిన బిస్కెట్లు మళ్ళీ ఇవ్వబోతున్నారు.
(ఇ) డిసెంబరు 30న సహవిద్యార్థి ఊరికి బయలుదేరుతున్నాడు.

జవాబులు: (అ) డాంకె, ఈనెన్ ఔఖ్. (ఆ) యా, గెర్న్. (ఇ) గూటెన్ రుట్ష్.

చెన్నై, బెంగళూరు, ముంబయి, పుణె నగరాల్లో మాక్స్ ముల్లర్ భవన్‌లు జర్మన్ తరగతులు నడుపుతున్నాయి. దగ్గరలో ఉన్నవారు వెళ్ళి ఉచ్చారణ సరిచూసుకోండి. లేనివారు ఈ పాఠాన్ని ఇద్దరు కలిసి, ఒకరు అతిథిగా, ఒకరు ఇంటివారుగా రోజుకు పది నిమిషాలు పైకి చదవండి. రెండు వారాల్లో నోటికి వచ్చేస్తుంది.