చేతి గడియారము – నీటి లోతు

పిల్లలూ! మన మారిషస్ దీవి చుట్టూ సముద్రమే కదా. ఒక అబ్బాయి తాతగారు ఇచ్చిన పాత చేతి గడియారం పెట్టుకొని బ్లూ బే వద్ద ఈతకు దిగాడు. దాని వెనుక 30 మీటర్లు అని చెక్కి ఉంది. "నేను రెండు మీటర్ల లోతుకైనా పోను గదా!" అనుకున్నాడు. సాయంకాలానికి అద్దం లోపల ఆవిరి పట్టింది. మర్నాడు ముళ్ళు ఆగిపోయాయి.

పొరపాటు ఎక్కడ జరిగింది? ఆ అంకె మునగదగిన లోతును చెప్పదు. నీటిలో ప్రతి 10 మీటర్లకు సుమారు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. కొత్త గడియారాన్ని పరీక్షశాలలో కొద్దిసేపు ఆ పీడనానికి గురిచేస్తారు. కాని లోపలి రబ్బరు వలయాలు ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడతాయి. అప్పుడు నీరు దూరుతుంది.

కనుక ఇలా గుర్తుంచుకోండి:
30 మీటర్లు – చేతులు కడుగుకొనేటప్పుడు పడే తుంపరలకు.
100 మీటర్లు – ఈతకు.
200 మీటర్లు, ఐ.ఎస్.ఓ. 6425 ప్రమాణం – గాలి సిలిండరుతో మునిగేవారికి. ఇటువంటి ప్రతి గడియారాన్నీ 250 మీటర్లకు సమానమైన పీడనంతో పరీక్షిస్తారు.

చిన్న మణికట్టుకు 36 మిల్లీమీటర్ల గడియారం చాలు. చిన్నదైతే నీరు చొరబడుతుందనుకోవద్దు. కీ మర బిగించేదిగా ఉందా, అంచు చక్రం ఒకవైపే తిరుగుతున్నదా చూడండి. వలయాలను అప్పుడప్పుడు మార్పించండి. నీటిలో కీని లాగవద్దు. ఉప్పునీటి నుండి రాగానే మంచినీటితో కడగండి.

ప్రశ్నలు
1. అబ్బాయి గడియారం ఎందుకు ఆగిపోయింది?
2. మీ ఇంటిలోని గడియారం వెనుక ఏ అంకె ఉంది? దానితో ఈదవచ్చునా?